గీత బయటి ఆవిరి

తన చేతికి కొలత తెలియదన్న అనుమానం ప్రభాకర్‌ను ఏళ్ల తరబడి వదలలేదు. పెనుబల్లి రోడ్డు మీది లారీ కాటాలో పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు. బండి ప్లేటు మీదికి ఎక్కేది, అద్దం అవతల ఎర్ర అంకెలు వెలిగేవి, అతను చీటీ చింపి డ్రైవరు చేతికి ఇచ్చేవాడు. అంకె ఎంతంటే బరువు అంత. మధ్యలో అతని చేతికి పనేమీ లేదు. అలాంటి చేతికి ఎనిమిది వందల మంది తినే చారులో ఉప్పెంత పడాలో ఎట్లా తెలుస్తుంది?

ఆ ప్రశ్నను మోసుకునే గురువారం పొద్దున రేగులగూడెం రామాలయం ముందు ట్రాలీ ఆటో దిగాడు. వెనక గుండిగలు, గంజులు, తెడ్లు ఒకదానికొకటి తగిలి ఇంకా మోగుతూనే ఉన్నాయి. ముందు సీట్లోంచి మేనమామ సీతయ్య మోకాలు పట్టుకుని మెల్లగా దిగాడు. సత్తుపల్లి నుంచి అడవి అంచు ఊళ్ల దాకా ముప్పై ఐదేళ్లుగా పెళ్లిళ్లకూ గుళ్లకూ వంట చేసిన మనిషి. సామాను మధ్యన ఇరుక్కుని కూర్చున్న కమ్లి కత్తిపీట చంకన పెట్టుకుని కిందికి దూకింది. ఆమెది సత్తుపల్లి అవతలి తండా. సీతయ్య జట్టులోకి వచ్చి పద్దెనిమిదేళ్లు. కూరలు తరగడం, కట్టెలు ఎగదొయ్యడం, చివరికి గిన్నెలు తోమడం ఆమె పని.

శ్రీరామనవమి నాడు ఈ ఊళ్లో సగం మంది కల్యాణం చూడ్డానికి భద్రాచలం పోతారు. అందుకని ఊరి అన్నదానం మర్నాడు, పట్టాభిషేకం రోజున పెట్టుకుంటారు. ఈ ఏడు అది శనివారం పడింది.

"అల్లుడూ, గాడిపొయ్యి ఎటు తవ్వాలె?" అన్నాడు సీతయ్య, చేతికర్రతో నేలను పొడుస్తూ.

ప్రభాకర్ గుడి వైపు చూశాడు. "ఇటు తవ్వితే గుళ్లెకు పొగ పోదు మామా."

"గుడిని చూసి కాదురా, గాలిని చూసి తవ్వాలె. రుమాలు పైకెత్తు."

ప్రభాకర్ జేబురుమాలు తీసి ఎత్తి పట్టుకున్నాడు. అది గుడి మీదుగా తూర్పుకు రెపరెపలాడింది.

"పడమటి గాలి. పొయ్యి మూతి అటు పెట్టు. లేకుంటే మంట గుండిగ కింద ఉండదు, నీ కాళ్ల కింద ఉంటది."

"గాలిని గూడ కాటా మీద తూసి చెప్పమను అన్నా," అంది కమ్లి. సీతయ్య నవ్వాడు. ప్రభాకర్ నవ్వలేదు, గడ్డపార అందుకున్నాడు.

మోకాలి లోతు, రెండు జానల వెడల్పు, నాలుగు గుండిగలు వరసగా కూర్చునేంత పొడవు. నేల ఎర్రగా గట్టిగా ఉంది. మధ్యాహ్నానికి పొయ్యి తయారైంది. సీతయ్య అంచుల్ని కాలితో నొక్కి చూసి, అక్కడే కూలబడ్డాడు. కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. వేళ్లు వాటంతట అవే వణుకుతున్నాయి.

"చూసినవు గదా. ఈసారి తెడ్డు నీదే. నేను పక్కన కూసుంట. రేపెల్లుండి వంట నిలబడిందా, ఈ సీజను బయానాలన్ని నీ పేరు మీద రాపిస్త. లేకుంటే నా పేరు గూడ ఈడితో అయిపోతది."

అంతలోనే ఫోను మోగింది. కాటా ఓనరు.

"ఏమయ్యా ప్రభాకర్, రెండు నెలలు సెలవని పోతివి. అయిపోలేదా? సోమారం పొద్దుగాల ఆరు గంటలకు సీట్ల ఉంటే ఉన్నట్టు. లేకుంటే కొత్త పిలగాడు తయారుగున్నడు."

"ఆలోచించి చెప్త సార్."

"ఆలోచించేదేముందయ్యా? ఈ వయసుల వంటోనివి అయితవా?"

నలభై మూడేళ్లు. ప్రభాకర్ ఫోను జేబులో పెట్టుకుని చేతులకంటిన ఎర్రమట్టిని లుంగీకి తుడుచుకున్నాడు. శనివారం వంట, సోమవారం కాటా. మధ్యన ఒక్క ఆదివారం.

పొద్దు వాలుతుండగా కమిటీ పెద్ద వెంకటేశ్వరరావు సున్నం బకెట్టు పట్టుకుని వచ్చాడు. ఖద్దరు చొక్కా, నుదుట నామం. వంట షెడ్డు చుట్టూ తానే వంగి, జాగ్రత్తగా, చెయ్యి తిరిగినవాళ్ల ముగ్గులాగా గీత పోశాడు. గాడిపొయ్యి, సామాన్ల బల్ల గీత లోపల పడ్డాయి. కట్టెలు ఎగదోసే పొయ్యి మూతి మాత్రం బయటికి ఉంది.

"మీకు తెలియందేముంది సీతయ్యా. స్వామికి ఆరగింపు పెట్టేదాకా ఇది మడి వంట. లోపల రుచి చూడకూడదు, వాసన కూడా పీల్చకూడదు. ముక్కుకీ మూతికీ తువ్వాలు కట్టుకోండి." ఆ తర్వాత ఆయన కమ్లిని కాకుండా సీతయ్యనే చూస్తూ అడిగాడు. "తండా ఆవిడ బయటే కూర్చుంటుంది కదా?"

సీతయ్య తల ఊపేలోపే కమ్లి కత్తిపీట, వంకాయల గంప తీసుకుని గీత దాటి బయటికి నడిచింది. కూరల మీద చెయ్యి వేసే ముందు, ఇప్పుడే ఆమె బోరు దగ్గర స్నానం చేసి వచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది, జాకెట్టు వీపు మీద నీళ్లు ఇంకిన మరక ఉంది. ప్రభాకర్ పొయ్యి తవ్విన మట్టికాళ్లతో గీత లోపల నిలబడి ఉన్నాడు. అతనికి ఆ తడి జుట్టూ కనబడింది, తన కాళ్లూ కనబడ్డాయి. నోరు తెరవలేదు. తాను కొత్తవాడు. ఆచారం సంగతి పెద్దలకు తెలుస్తుంది. అలా సర్దిచెప్పుకున్నాడు గానీ, ఆ సాయంత్రం గుళ్లో దండం పెట్టుకోబోతే చేతులు వెంటనే కలవలేదు.

మర్నాడు నవమి. పందిరి వేసే ముప్పై మందికి భోజనం పెట్టాలి.

"ఇది దేవునికి పెట్టేది గాదు, రుచి చూసుకోవచ్చు," అన్నాడు సీతయ్య. "అయినా చూడకు. రేపెట్ల చేస్తవో ఇయ్యాల గట్లనే చెయ్యి."

ప్రభాకర్ సంచిలోంచి చిన్న కరెంటు కాటా తీశాడు. చొక్కా జేబులో చేతి పుస్తకం ఉంది. రెండు నెలలుగా మామ వెంట తిరిగి, ఎన్ని కిలోల పప్పుకు ఎంత ఉప్పు, ఎంత పులుపు అని రాసుకున్న లెక్కలు అందులో ఉన్నాయి. కందిపప్పు మెత్తబడింది. చింతపండు పులుసు పిండాడు. మునక్కాయలు, ఉల్లిపాయలు వేశాడు. ఉప్పు గిన్నెను కాటా మీద పెట్టి, గ్రాము ఎక్కువైతే చెంచాతో తీసి, తక్కువైతే చిటికెడు కలిపి చూసుకుంటున్నాడు.

"తమ్మీ, ఈ బోరు నీళ్లు..." అంది కమ్లి గీత అవతలి నుంచి.

"ఒక్క నిమిషం అక్కా, లెక్క తప్పుతది."

ఆమె మళ్లీ వంకాయ అందుకుంది. నిలువునా నాలుగు చీలికలు, టప్పున నీళ్లలోకి.

ఉప్పు పడింది. పోపుకు నూనె కాగింది. ఆవాలు చిటపటమంటుండగా పందిరి మీది నుంచి ఎవరో మంచినీళ్లు అడిగితే ప్రభాకర్ అటు తిరిగాడు. సీతయ్య మూకుడుకు మూరెడు దూరంలో, దానికి ఎదురుగానే కూర్చుని తమలపాకు ఈనె తీస్తున్నాడు. పది గజాల అవతలి నుంచి కమ్లి అరిచింది.

"పోపు మాడుతుంది!"

ప్రభాకర్ పరుగున వచ్చి మూకుడు దించాడు. మిరపకాయలు నల్లబడిపోయాయి. ఘాటుకు అతనికి దగ్గు వచ్చింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. సీతయ్య అప్పుడు తలెత్తి, "దించినవా?" అన్నాడు నింపాదిగా. మామ పెద్దవాడైపోయాడు, ధ్యాస తగ్గింది అనుకున్నాడు ప్రభాకర్.

భోజనాలకు కూర్చున్నారు. మొదటి ముద్దకే పందిరి కింద మాటలు ఆగాయి. అడవి వైపు గూడెం నుంచి వచ్చి పందిరి మీద ఆకు కప్పుతున్న బొజ్జయ్య మెల్లగా మింగి, చెంబెడు నీళ్లు తాగి అడిగాడు.

"తమ్ముడూ, ఈడికి సముద్రం ఎంత దూరముంటది?"

ఒక్కసారి నవ్వులు లేచాయి.

"లారీ కాటా కాడ చేసిండంట గదనే. టన్నుల్లెక్కన తూసి పోసిండు."

"రేపు మంచినీళ్ల ట్యాంకర్లు రెండు చెప్పాలె కమిటీకి."

బొజ్జయ్య మాత్రం నవ్వు ఆపి చెప్పాడు. "ఈ ఏడు కొత్తగ ఏసిన బోరు ఇది, నీళ్లే సగం ఉప్పు. మీరు తెచ్చిన చింతపండు గూడ ఉప్పేసి తొక్కిన పాతది. చెప్పలేదా ఎవ్వలు?"

ప్రభాకర్ కమ్లి వైపు చూశాడు. ఆమె బోరు దగ్గర వంగి గంజు అడుగు బూడిదతో తోముతోంది. వడ్డన బకెట్టు కింద పెట్టి అతను అక్కడికి నడిచాడు.

"నువ్వు చెప్పబోయింది నీళ్ల గురించేనా అక్కా?"

"అవ్."

"ఎట్ల తెలిసింది?"

"నిన్న తానం చేస్తే, ఆరినంక చెయ్యి మీద తెల్లగ చార కట్టింది."

"మరి గట్టిగ చెప్పకపోయినవా?"

కమ్లి గంజు తిప్పి రెండో వైపు తోమడం మొదలుపెట్టింది. "నాలుగు మాట్లు చెప్తే, వంట నీదా నాదా అంటరు. ఒక్కమాటు చెప్పి ఊకుంటే పని నడుస్తది. నాకు గదే అలవాటు తమ్మీ."

ఆ సాయంత్రం అతను గుడి వెనక అరుగు మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాడు. అవతల కుట్టు మిషను చప్పుడు. భార్య పుష్పలత జాకెట్లు కుడుతుంది.

"ఉప్పెక్కువైంది లతా."

"ఎంత?"

"తినలేనంత."

మిషను ఆగింది. "మరి వచ్చేస్తవా?"

"సార్ సోమారం రమ్మంటుండు. నాకు చెయ్యి లేదేమో. ఉన్న పని పోగొట్టుకుని అందరిల నవ్వులపాలైత."

"మా అక్కకు నేను కుట్టిన మొదటి జాకెట్టు గుర్తుందా? తొడుక్కుంటే చెయ్యి పైకి లేవలే. బస్సుల రాడ్డు పట్టుకోను రాకపాయె. గా జాకెట్టే రెండేండ్లు తొడుక్కున్నది."

ప్రభాకర్‌కు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వు వచ్చింది. పుష్పలత నవ్వలేదు.

"కాటాకు పోతవో, వంటకు పోతవో నీ ఇష్టం. ఎట్లనన్న బతుకుతం. అన్నం ముంగట కూసొని గోడ దిక్కు చూసుకుంట తినే మనిషే నాకు వద్దు. పంతొమ్మిదేండ్లు చూసిన."

మిషను మళ్లీ మొదలైంది. భద్రాచలం నుంచి తిరిగొచ్చిన జనం తలంబ్రాల పొట్లాలతో బస్సు దిగుతున్నారు. ఎవరో ముసలామె గుడి మెట్ల మీద అతని చేతిలోనూ నాలుగు పసుపు గింజలు పెట్టింది. అతను వాటిని కళ్లకద్దుకుని, రామయ్యా, రేపు ఇంతమంది నోటి ముద్ద నా వల్ల పాడు కానీయకు అని మాత్రం వేడుకున్నాడు. తన సంగతి అడగడానికి మొహం చెల్లలేదు.

శనివారం తెల్లారేసరికి గాడిపొయ్యిలో కర్పూరం వెలిగింది. ప్రభాకర్, సీతయ్య తలస్నానాలు చేసి తడి పంచెలు కట్టారు. ముక్కు మీది నుంచి మెడ వెనక్కి తువ్వాళ్లు బిగించారు. అంతకుముందు అతను స్నానానికి బోరు దగ్గరికి వెళ్లేసరికే కమ్లి తల తుడుచుకుంటూ ఎదురొచ్చింది. పొయ్యి మూతి దగ్గర, గీతకు బయట, కట్టెల పక్కన కొడవలి పెట్టుకుని కూర్చుంది.

ఇవాళ కరెంటు కాటా సంచిలోంచి బయటికి రాలేదు. ఉప్పు తానే వేస్తానన్నాడు సీతయ్య. నిన్నటి తర్వాత ప్రభాకర్ కాదనలేదు. అన్నం వార్చడం, పులిహోర కలపడం, తెడ్డు తిప్పడం అతని వంతు. బియ్యం ముప్పాతిక ఉడికి పలుకు మీదికి రాగానే గంజి వార్చి, ఈతచాప మీద అన్నం పరిచాడు. తెల్లటి గుట్ట మీద పసుపు, నూనె, చింతపండు గుజ్జు. సీతయ్య దోసిట్లో ఉప్పు పట్టుకుని నిలబడి కట్టెల వైపు చూశాడు. కమ్లి కొడవలి వెనకవైపుతో కట్టె మీద టక్, టక్, టక్ అని కొట్టింది. సీతయ్య మూడు దోసెళ్లు చల్లాడు. ఆమె కట్టెను పొయ్యిలోకి తోసింది. సీతయ్య చేతులు దులుపుకున్నాడు.

ప్రభాకర్ చూశాడు గానీ పట్టించుకోలేదు. వంకాయ కూర దగ్గర మళ్లీ అదే జరిగింది. గుజ్జు ఉడుకుతుంటే సీతయ్య తలెత్తాడు. గాలి కాస్త తిరిగి ఆవిరి కమ్లి మీదికి పోయింది. టక్, టక్. రెండు దోసెళ్లు. ఆమె కట్టె తోసింది, ఆయన ఆగాడు. ఈసారి ప్రభాకర్ తెడ్డు కూడా ఆగింది.

పది గంటలకు వేరే ఊరి నుంచి అర్చకులు వచ్చారు. వెంకటేశ్వరరావు హడావుడిగా షెడ్డు వైపు వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు పందిరి అవతలికి పోయి విస్తళ్లు కడుగు. అయ్యవార్లు ఇటే తిరుగుతుంటారు. కట్టెలు మా ఊరోళ్లు చూసుకుంటారు."

కమ్లి లేచింది. సీతయ్య వైపు ఒకసారి చూసింది. ఆయన తువ్వాలు సర్దుకున్నాడు. ఆమె కొడవలిని కట్టెల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

అన్నిటికంటే పెద్ద గుండిగలో పప్పుచారు మరుగుతోంది. దీని తర్వాత ఆరగింపే. సీతయ్య దోసెడు ఉప్పు తీసుకుని గుండిగ మీదికి చేతులు చాచాడు. కట్టెల వైపు చూశాడు. అక్కడ ఎవరో పంచెకట్టు మనిషి పొగకు కళ్లు నులుముకుంటున్నాడు. సీతయ్య చేతులు గాలిలోనే ఉన్నాయి. ఆవిరికి ఉప్పు చెమ్మగిల్లి వేళ్ల సందుల్లోంచి బొట్లుబొట్లుగా కారుతోంది.

"మామా?"

సీతయ్య ఉప్పు తిరిగి గిన్నెలో పోశాడు. బల్ల పట్టుకుని నిలబడ్డాడు. తువ్వాలుకు పైన కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"నాకు వాసన రాదురా. కరోనా వచ్చి పోయినప్పటి సంది. పూలు రావు, కిరసనాయిలు రాదు. నాలుగేండ్లు."

"మరి ఇన్ని పెండ్లిళ్లు, ఇన్ని గుళ్లు?"

సీతయ్య గడ్డంతో పందిరి అవతలికి చూపించాడు. "లోపలోడు వాసన చూడొద్దాయె. బయట కూసున్నామెకు గాలి తెచ్చి ఇస్తది. ఆమెకు తెలుసు, నాకు తెలుసు. ఇద్దరం ఎన్నడు మాట్లాడుకోలే."

"ఆమెను పంపుతుంటే ఊకున్నవేంది మామా!"

"ఏమని ఆపాలె? ఆమె లేకుంటే నా చెయ్యి చెల్లదని చెప్పాల్నా?"

ప్రభాకర్‌కు మామ మీద కోపం వచ్చింది. ఆ కోపం కింద ఇంకేదో, సిగ్గుపడాల్సినంత తేలిక. ఏ చెయ్యి తనకు లేదని ఇన్నాళ్లూ కుమిలాడో అది మామకూ లేదు. మామ అడిగేవాడు. నోరు విప్పకుండా, పేరు చెప్పకుండా, అయినా అడిగేవాడు. తాను నిన్న అడగలేదు సరే, చెప్పబోయిన మనిషిని నిమిషం ఆగమన్నాడు.

గుళ్లో గంట మోగింది. ఆరగింపుకు అరగంట ఉంది. అతను తువ్వాలు ముడి విప్పి, గీత దాటి, పందిరి కిందుగా నడిచాడు.

"అదేంటయ్యా, మడి కట్టుకుని గీత దాటావు?" వెంకటేశ్వరరావు అడ్డం వచ్చాడు.

"మళ్ల తానం చేస్త రావుగారూ. కమ్లక్క పొయ్యికాడికి రావాలె."

"కట్టెలకు మావాళ్లు ఉన్నారుగా."

"కట్టెలకు కాదండి, ఉప్పుకు." ప్రభాకర్ పందిరి అవతలికి చెయ్యి చూపించాడు. "లోపల మేము వాసన చూడొద్దన్నరు, చూస్తలేము. ఆమె గీత బయట నిలబడి చెప్తది. రెండు రోజుల సంది అందరికన్న ముందు తానం చేస్తున్నది ఆమెనే, నేను చూసిన. మొన్న మట్టికాళ్లతోని గీత లోపల నిలబడింది నేను. స్వామికి ఏది తప్పో నాకు తెల్వదండి. తెలిస్తే చెప్పండి."

అర్చకుల్లో ఒకాయన అరుగు మీద కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుకుంటూ ఇటే చూస్తున్నాడు. వెంకటేశ్వరరావు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "సరేలే, గీత బయటే కదా," అన్నాడు ఎటో చూస్తూ. "కానివ్వండి, టైమవుతోంది."

కమ్లి విస్తళ్ల మీద నీళ్లు చల్లుతోంది. అంతా విన్నది. లేవలేదు.

"రా అక్కా."

"సీతయ్యన్న రమ్మన్నడా?"

"నేను పిలుస్తున్న."

"నిన్న నీ లెక్క తప్పుతదంటివి."

"తప్పింది. ఊరంత తిన్నరు నా తప్పును."

ఆమె పెదవి కొద్దిగా కదిలింది. చేతులు కడుక్కుని, కొంగు దోపుకుని లేచింది.

ప్రభాకర్ బోరు దగ్గర రెండు బకెట్లు నెత్తిన కుమ్మరించుకుని, నీళ్లోడే పంచెతోనే గీత లోపలికి వెళ్లాడు. కమ్లి పొయ్యి మూతి దగ్గర ఆగలేదు. గాలి ఎటు కొడుతుందో చూసుకుని, గీత వెంబడే చుట్టూ తిరిగి, తూర్పు వైపున ఆవిరికి ఎదురుగా నిలబడింది. వడ్డనకు వచ్చినవాళ్లు, ఆకులు మోసేవాళ్లు ఆగి చూస్తున్నారు.

"ఎన్ని వెయ్యాలె?" అన్నాడు ప్రభాకర్.

"నువ్వు వేసుకుంట పో. ఎక్కువైతే చెప్త."

"ఎక్కువైనంక చెప్తే ఏం లాభం?"

"అందుకే చూసి వెయ్యి," అంది కమ్లి.

మొదటి దోసెడు. తెడ్డుతో అడుగు నుంచి తిప్పాడు. రెండోది. మూడోది. గుండిగ అంచున నురుగు తెల్లగా, పెద్ద పెద్ద బుడగలుగా ఎగసి పడుతోంది. నాలుగో దోసెడు పడి కలిసేసరికి ఆ బుడగలు చిన్నవయ్యాయి. నీళ్లలో ఉప్పుంది. చింతపండులో ఉంది. అతను ఆ రెండూ మనసులో పెట్టుకుని ఐదో దోసెడు ఎత్తాడు, సగం జార్చాడు, తిప్పాడు. నురుగు కుంగి అంచులకు సన్నని వలయంలా అంటుకుంది. రెండు నెలలుగా మామ పక్కన నిలబడి ప్రతి గుండిగలోనూ ఈ వలయాన్ని చూశాడు. పుస్తకంలో మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు. అప్పుడు, ఎక్కడి నుంచో, కాటా మీదికి ఎక్కే లారీలు గుర్తొచ్చాయి. అంకె వెలగకముందే, టైరు పొట్ట చూసి, చక్రాల పైనుండే ఇనప కమాను కట్టలు కుంగిన తీరు చూసి, పదహారు టన్నులు దాటింది అని లోపల అనుకునేవాడు. చాలాసార్లు దగ్గరగానే వచ్చేది. ఎవరూ అడగలేదు కాబట్టి తానూ దాన్ని లెక్కలో పెట్టుకోలేదు.

మిగిలిన సగం దోసెడును అతను తిరిగి ఉప్పు గిన్నెలో పోసేశాడు.

"ఆగినవేంది?" అంది కమ్లి.

"చాలనిపించింది."

ఆమె కళ్లు మూసుకుని ఆవిరిని నిండుగా పీల్చింది. వదిలింది. మళ్లీ పీల్చింది. అన్నిటికంటే పొడవైన నిమిషం అది.

"చాలు," అంది. "పోపు వెయ్యి. ఇయ్యాల మాడగొట్టకు."

ఆరగింపు అయ్యింది. పన్నెండింటికి మొదలైన పంక్తులు మూడు దాటేదాకా సాగాయి. బొజ్జయ్య చారును ఆకుదొప్పలో పోయించుకుని తాగి, మళ్లీ దొప్ప చాచాడు. మూడోసారి చాచినప్పుడు పక్కవాళ్లకు మిగల్చమని ఎవరో కేకేశారు. ఎవరూ ప్రభాకర్‌ను మెచ్చుకోలేదు. ఎవరూ మంచినీళ్ల కోసం అరవలేదు కూడా. తిన్నారు, లేచారు, చేతులు కడుక్కున్నారు. నడుము పట్టేసి, కనుబొమలకు నుసి అంటి, అతను చల్లారిన పొయ్యి పక్కన బోర్లించిన గుండిగ మీద కూర్చున్నాడు. ఆకలిగా ఉంది. చాలా ఏళ్లకు, నిజంగా ఆకలిగా ఉంది.

ఈసారి ఫోను తానే చేశాడు. "సార్, సోమారం కొత్త పిలగాణ్ణే రమ్మనండి."

"ఒక్క వంట మంచిగయితే ఇంత ధైర్యమొచ్చిందా?"

"ధైర్యం కాదు సార్. రేపెక్కడన్న చెడిపోతే మళ్ల చేసుకుంట అనిపించింది. నిన్నటిదాక గట్ల అనిపించలే."

ఓనరు ఏదో అన్నాడు. సిగ్నలు సరిగ్గా లేక వినబడలేదు.

వెంకటేశ్వరరావు నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. "సీతయ్యా, చెయ్యంటే నీది! వాసన చూడకుండా, నాలిక మీద వేసుకోకుండా, ఎట్టా కుదురుద్దయ్యా?"

ఏటా ఈ మాటకు సీతయ్య చేతులు జోడించేవాడు. ఇవాళ జోడించలేదు.

"చెయ్యి ప్రభాకర్‌ది. చెప్పింది కమ్లి. నాలుగేండ్ల సంది నేను చేసిన వంటలన్ని ఆమె చెప్పినయే రావుగారూ. నాకు వాసన రాదు. నాది పేరొక్కటే."

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకటేశ్వరరావు పొయ్యి చుట్టూ చెదిరిన సున్నపు గీత వైపు చూశాడు. "ఈ మాట ముందే చెబితే ఏం చేసేవాణ్ణో," అన్నాడు సగం తనలోనే. "వచ్చే ఏడు ఆలోచిద్దాం." ఆయన వెళ్లిపోయాడు. ఏం ఆలోచిస్తాడో ప్రభాకర్‌కు తెలియలేదు.

కమ్లి అప్పటికే గిన్నెలు ముందేసుకుంది. సీతయ్య ఒక విస్తరి తీసుకుని నీళ్లు చల్లి, ఆమె ఎదుట నేల మీద పరిచాడు.

"కూసో కమ్లీ."

"అందరు తిన్నంక తింట గదన్నా నేను."

"అందరు తిన్నరు. కూసో."

ఆమె మసిచేతులు చూపించింది. ప్రభాకర్ లేచి ఆమె చేతుల మీద నీళ్లు పోశాడు. కమ్లి కూర్చుంది. సీతయ్య మోకాలి నొప్పికి పళ్లు బిగబట్టి, ఒక చెయ్యి నేలకానించి ఆమె ఎదుట కూలబడ్డాడు. పులిహోర పెట్టాడు. కూర పెట్టాడు. అన్నం పెట్టి మధ్యలో వేళ్లతో గుంట చేశాడు.

"నాలుగేండ్లంటివి," అంది కమ్లి ఆకు వైపే చూస్తూ. "ఐదు."

"ఐదా?"

"కరోనా రెండోపారి వచ్చినప్పుడు. మా చిన్నదాని పెండ్లి అయిన ఏడు."

సీతయ్య లెక్క చూసుకున్నాడు. "అవ్, ఐదే," అన్నాడు.

గంటెడు చారు తీసి అన్నం గుంటలో పోయబోయాడు. చెయ్యి వణికి కొంత పక్కకు పారింది. కమ్లి ఆకు అంచు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. ఆయన రెండో గంటె పోశాడు. ఆమె కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే, ఆమె ఎదుటే కూర్చున్నాడు.